పేర్లలో ప్రజల చరిత్ర
(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాస పాఠం)



సురవరం ప్రతాపరెడ్డి గారి పేరిట మాట్లాడమన్నప్పుడు ఏ విషయం ఎత్తుకోవాలా అని నేను పెద్దగా తర్జనభర్జన పడలేదు. రాజులు ఎవరి మీద ఎవరు దండెత్తారన్నది కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతకు మొక్కారు అన్నదే మనకు కావలసిన చరిత్ర అని నమ్మి, 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చు వేసిన మనిషి ఆయన. తెలుగుకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, ఆ పుస్తకానికే. అప్పటికి ఆయన లేరు. అంతకుముందు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట వినబడితే వాదానికి దిగకుండా, 1934లో 354 మంది కవులతో 'గోల్కొండ కవుల సంచిక' తెచ్చారు. అది కవితల సంపుటే కాదు, పేర్ల పట్టిక కూడా. ఒక ప్రాంతం తన మనుషుల పేర్లు తానే చదివి వినిపించింది.

సాంఘిక చరిత్రకు ఆయన వాడుకున్న ఆధారాల్లో కావ్యాలున్నాయి, చాటువులున్నాయి, సామెతలున్నాయి. ఆ వరసలో ఇంకొకటి చేర్చాలని నా కోరిక. అవి మనం పిల్లలకు పెట్టుకునే పేర్లు. శాసనం వేయించుకునే స్తోమత లేనివాడికి, తాళపత్రం మీదికి ఎక్కనివాడికి కూడా పేరు ఉంటుంది. ఆ పేరులో వాడి దేవుడు, వాడి ఊరు, వాడి తల్లి భయం, వాడి మీద నడిచిన పెత్తనం, వాడు విన్న ఉద్యమం అన్నీ ఉంటాయి.

ముందు మన పేర్ల కట్టుబడి చూడండి. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, పోతన, వేమన. వీటి చివర ఉన్నవి అయ్య, అన్న. ఇటు రామప్ప, ఎల్లక్క, లచ్చవ్వ, సుబ్బమ్మ. అప్ప, అక్క, అవ్వ, అమ్మ. అన్నీ చుట్టరికపు మాటలే. నెల తిరగని పసిగుడ్డును కూడా అయ్యా అనీ, అన్నా అనీ, అమ్మా అనీ పిలుచుకున్న జనం మనం. బిడ్డ ఇంకా కళ్ళు తిప్పడం నేర్చుకోకముందే వాడికి ఊరందరితో వరస కలిపేశారు. నాకు ఇది మన భాషలోని గొప్ప మర్యాదల్లో ఒకటిగా కనిపిస్తుంది.

ఆ చివరి మాట ముందు ఉండే భాగం తరచుగా నోళ్ళలో నలిగి నున్నబడిన దేవుడి పేరు. లక్ష్మి లచ్చి అయింది, లక్క అయింది. పోతన గారి తల్లి లక్కమాంబ. కృష్ణుడు కన్నడు అయ్యాడు, సింహం సింగమై సింగన అయింది, దుర్గ దుగ్గ అయింది, సూర్యుడు సూరన అయ్యాడు. అహోబిలం ఓబులమై, అక్కడి స్వామి ఓబులేసు అయ్యాడు, ఆ స్వామి పేరు పెట్టుకున్నవాడు ఓబన్న అయ్యాడు. ఓబన్న అంటే మొరటు పేరు అనుకునేవాళ్ళు ఉన్నారు. వందల ఏళ్ళు కడప, కర్నూలు పల్లెల నోళ్ళలో నలిగిన పేరది. అహోబిలనరసింహం అని రాసుకుంటే పండితుడి పేరు, ఓబన్న అంటే పాలేరు పేరు అన్న లెక్క మనమే కట్టాం. దేవుడు ఒక్కడే.

రాజుల పేర్ల దగ్గర ఎక్కువసేపు ఆగను. వాళ్ళ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండు సంగతులు మాత్రం చెప్తాను. శాతవాహనులు తల్లి పేరును తమ పేరు ముందు పెట్టుకున్నారు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఇప్పటికీ ఉంది. కొడుకు ఘనత తల్లి చెప్పుకున్న శాసనం అది. రెండోది కాకతీయుల సంగతి. గణపతిదేవుడి ఒక కూతురు గణపాంబ, తండ్రి పేరే ఆడపిల్ల పేరయింది. ఇంకో కూతురు రుద్రమ. ఆమెను శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కూడా పిలిచాయి. సింహాసనం ఎక్కడానికి ఒక స్త్రీ తన పేరును కూడా మార్చుకోవలసి వచ్చింది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెప్తుంది. శాసనం పుణ్యమా అని ఆమె సంగతి మనకు తెలిసింది. ఆ కాలంలో ఆమె సైన్యంలో నడిచిన వేలమంది పేర్లు మనకు దక్కలేదు.

దక్కిన పేర్లు ఎక్కడున్నాయంటే, ఊళ్ళలో ఉన్నాయి. హైదరాబాదులో ఎవరైనా పెంచలయ్య అని పరిచయం చేసుకుంటే 'మీది నెల్లూరా' అని అడుగుతాం. పెంచలకోన నరసింహస్వామి పేరది. మాల్యాద్రి, మాలకొండయ్య అంటే కందుకూరు వైపు మాలకొండ. పానకాలు అంటే మంగళగిరి, అక్కడి స్వామికి పానకం పోస్తారు. కోటయ్య, కోటేశ్వరరావు అంటే నరసరావుపేట పక్కన కోటప్పకొండ. మావుళ్ళు అంటే భీమవరం మావుళ్ళమ్మ. లోవరాజు, లోవలక్ష్మి అంటే తుని దగ్గర లోవలో ఉన్న తలుపులమ్మ. నూకరాజు, నూకరత్నం అంటే అనకాపల్లి నూకాలమ్మ. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం. అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ అంటే సింహాచలం. కొండ పేరే మనిషి పేరై సింహాచలం గారు అని పిలిపించుకునేవాళ్ళు ఉత్తరాంధ్రలో ఎందరో. మద్దిలేటి అంటే కర్నూలు సీమ. కదిరప్ప అంటే అనంతపురం సీమ. యాదయ్య, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. రాజయ్య, రాజేశం అంటే వేములవాడ రాజన్న. సమ్మయ్య, సారయ్య అంటే మేడారం గద్దెలు. కురుమయ్య అంటే పాలమూరు కురుమూర్తి. సురవరం వారు పుట్టిన గద్వాల సీమలో తిమ్మప్పలు ఉంటే అది మల్దకల్ తిమ్మప్ప చలవ.

తెలుగు నేల పటం గీయాలంటే ఏర్లూ కొండలూ గీసి ఊరుకోకుండా ఈ పేర్లు కూడా గుర్తు పెట్టుకోవాలి. ఏ పేరు ఎంత దూరం వ్యాపించిందో చూస్తే ఆ జాతరకు బళ్ళు కట్టుకుని ఎంత దూరం నుంచి వచ్చేవాళ్ళో తెలుస్తుంది. వీటిలో చాలా పేర్ల వెనక ఒక మొక్కు ఉంటుంది. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదని, పుట్టిన బిడ్డకు జబ్బు చేసిందని మొక్కుకుంటారు. మొక్కు తీర్చేటప్పుడు పుట్టువెంట్రుకలు ఇస్తారు, కోడినో మేకనో ఇస్తారు. బిడ్డకు దేవుడి పేరు ఇస్తారు. వెంట్రుకలు మళ్ళీ పెరుగుతాయి. పేరు మాత్రం బతికినంత కాలం ఉంటుంది.

ఈ పటంలో ఉన్నవి గుళ్ళు మాత్రమే కాదు. గుంటూరులో కాలే మస్తాన్ షా దర్గా ఉంది, నెల్లూరు జిల్లా కసుమూరులో మస్తాన్ వలి దర్గా ఉంది. ఆ చుట్టుపక్కల హిందువుల ఇళ్ళలో మస్తానయ్య, మస్తాన్‌రావు, మస్తానమ్మ అన్న పేర్లు వినండి. రాయలసీమలో దస్తగిరి, ఫకీరప్ప. పీర్ల పండుగ చేసే ఊళ్ళలో పీరయ్య. నాగపట్నం దగ్గరి నాగూరు దర్గాను తలచుకుని నాగూర్. నుదుట బొట్టు పెట్టుకున్న మస్తానమ్మను మతసామరస్యం గురించి ఎవరూ ఉపన్యాసం అడగలేదు. ఆమె తల్లికి బిడ్డ కావాలి. ఎవరి దయ అనిపిస్తే ఆయన పేరు పెట్టింది. ఈ పేర్లు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తున్న విషయం.

జాతర పేర్లు పోరాటాల్లోకి కూడా నడిచాయి. తెలంగాణ సాయుధ పోరాటం అనగానే గుర్తొచ్చే పేర్లు మూడు ఉన్నాయి. 1946 జులై 4న కడవెండిలో తూటాకు బలైన దొడ్డి కొమరయ్య గొర్రెలు కాచుకునే కురుమ ఇంటి బిడ్డ. కొమరయ్య అన్న పేరు కొమురవెల్లి మల్లన్న వైపు చూపిస్తుంది. పాలకుర్తిలో భూమి కోసం నిలబడ్డ చిట్యాల ఐలమ్మ. ఐలయ్య, ఐలమ్మ పేర్లు ఐలోని మల్లన్నవి, అంటే వరంగల్ దగ్గరి ఐనవోలు స్వామివి. గొర్రెల కాపరుల, రైతుల దేవుడి పేర్లు దొర గడీని ఎదిరించిన చరిత్రకెక్కాయి. మూడో పేరు మల్లు స్వరాజ్యం. 1931లో ఒక భూస్వామి ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు, గాంధీ పిలుపు విన్న బంధువులు స్వరాజ్యం అని పేరు పెట్టించారు. మొదటి రెండు పేర్లు జాతర నుంచి వచ్చాయి, మూడోది ఉద్యమం నుంచి. ముగ్గురూ ఒకే పోరాటంలో కలిశారు. దీనికి మించిన సాంఘిక చరిత్ర ఏ పుస్తకంలో ఉంటుంది?

ఇక మనం తలవంచుకుని చెప్పుకోవలసిన పేర్లు కొన్ని ఉన్నాయనుకుంటారు చాలామంది. తల ఎత్తుకునే చెప్పుకోవాలని నేనంటాను. పెంటయ్య, పెంటమ్మ. తవిటయ్య, తవిటినాయుడు. పుల్లయ్య, పుల్లమ్మ. బిక్షమయ్య, బిక్షపతి. బళ్ళో తోటి పిల్లలు నవ్వారని ఎందరో ఈ పేర్లు మార్చుకున్నారు. ఈ పేర్లు ఎలా వచ్చాయో ఒక్కసారి చూడండి.

ఇద్దరో ముగ్గురో పిల్లలు పురిట్లోనే పోయిన తల్లి మళ్ళీ కన్నది. మందు లేదు, వైద్యుడు లేడు. పోయిన పిల్లలను తీసుకుపోయింది ఏ కంటి దిష్టో, ఏ చావు దేవతో అని ఆమె నమ్మకం. ఈసారి బిడ్డను కాపాడుకోవాలంటే ఈ బిడ్డ తనకు అక్కరలేనట్టు కనబడాలి. బిడ్డను చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప దగ్గరికి తీసుకెళ్ళి అక్కడ ఉంచుతారు. ఇంకొకామె వచ్చి, దొరికిన బిడ్డను తెచ్చినట్టు తెచ్చి ఇస్తుంది. ఆ బిడ్డ పెంటయ్య. కొన్నిచోట్ల పొరుగామె బిడ్డను తీసుకుంటుంది, తల్లి ఇంత తవుడు కొలిచి ఇచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంటుంది. ఆ బిడ్డ తవిటయ్య. పుల్లాకుల్లో, అంటే ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి ఎత్తుకుంటే పుల్లయ్య. బిచ్చమెత్తి తెచ్చుకున్నట్టు పెంచితే బిక్షమయ్య. ఇంతకన్నా విలువలేనిది ఇంకేదీ లేదని ఆ తల్లి లోకానికి చాటింది. ఎందుకంటే ఆ బిడ్డ ఆమెకు అంత విలువైనవాడు. పెంటయ్య అన్న పేరు విని ఎవరైనా నవ్వితే, ఆ పేరు మోసినవాడికంటే ముందు ఎందరు పిల్లలు మట్టిలో కలిశారో వాళ్ళకు చెప్పండి.

అందరి పేర్ల వెనకా తల్లి ప్రేమే ఉందని చెప్పి ముగిస్తే చరిత్రకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. మనుస్మృతి రెండో అధ్యాయం బ్రాహ్మణుడి పేరు మంగళంగా, క్షత్రియుడి పేరు బలంగా, వైశ్యుడి పేరు ధనంతో ముడిపడి ఉండాలనీ, శూద్రుడి పేరు నీచార్థంలో ఉండాలనీ విధించింది. ఆ శ్లోకం చదవనివాళ్ళు కూడా దాన్ని ఊళ్ళలో అమలు చేశారు. ఒకే దేవుడి పేరు ఒక వీధిలో వెంకటేశ్వర్లు గారు, ఇంకో వీధిలో వెంకయ్య, ఊరి చివర ఎంకడు, ఎంకిగాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఏదైనా, ఆసామి నోట్లో పడేసరికి దాని చివర 'గాడు' చేరేది. ముసలివాడైనా ఆసామి కొడుక్కి కూడా గాడే. పాత కోర్టు కాగితాల్లోకి సైతం ఆ గాడు ఎక్కింది. తోట పనికి ఓడలెక్కి మారిషస్ వెళ్ళినవాళ్ళ పేర్లను అక్కడి గుమస్తాలు చెవికి వినబడినట్టు రాసుకున్నారు. తండ్రి పేరు కాస్తా కొడుకులకూ మనవలకూ ఇంటిపేరై నిలిచిపోయింది. అప్పడు అన్నది అక్కడ ఈనాడు ఒక ఇంటిపేరు.

అందుకే పేరు మార్చుకోవడం కొందరికి సరదా కాదు, పోరాటం. 1888లో హైదరాబాదులో పుట్టిన మాదరి భాగయ్య, దళితోద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అయ్యారు. భాగ్యరెడ్డి అన్నది వాళ్ళ కుటుంబ గురువు పెట్టిన పేరు, వర్మ అన్నది ఆర్యసమాజం వాళ్ళిచ్చిన బిరుదు. ఏలినవాళ్ళు తమకే అట్టిపెట్టుకున్న రెండు మాటలను ఆయన తన పేరులో ధరించి తిరిగారు. వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు 1895లో పుట్టిన కొడుకు గుఱ్ఱం జాషువ. తల్లిదండ్రుల పేర్లు శైవానివి, కొడుకు పేరు బైబిలుది. క్రైస్తవం పుచ్చుకున్న దళితవాడల్లో దేవసహాయం, ఏసురత్నం, కరుణమ్మ, దానియేలు అన్న పేర్లు రావడం మతం సంగతి ఒక్కటే కాదు. 'గాడు' తగిలించడానికి వీలులేని పేరు దొరికింది వాళ్ళకు. ఆ పేర్లను పరాయివని ఈసడించేవాళ్ళు, మనవి అనుకునే పేర్లతో మనం వాళ్ళను ఎలా పిలిచామో గుర్తు చేసుకోవాలి.

పేరు పెట్టడంలోనే ఒక సిద్ధాంతాన్ని పాటించిన ఇల్లు ఆంధ్రదేశంలో ఉంది. నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారిది, అంటే గోపరాజు రామచంద్రరావు గారిది. పిల్లలకు దేవుడి పేరూ కులం తోకా లేకుండా పేర్లు పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకు సమరం. ఇంకా విద్య, మైత్రి, విజయం, నియంత. తొమ్మిదో సంతానం నౌ, అంటే హిందీలో తొమ్మిదే. లవణం గారు, డాక్టర్ సమరం గారు, విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్ళిన చెన్నుపాటి విద్య గారు తెలుగువాళ్ళందరికీ తెలిసినవాళ్ళే. ఆ రోజుల్లో బిడ్డను లవణం అని పిలవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి! అదే గాలి వీచిన కృష్ణా, గుంటూరు, ఖమ్మం, నల్లగొండ పల్లెల్లో లెనిన్‌లు, స్టాలిన్‌లు, భగత్‌సింగ్‌లు, సుభాష్‌లు పుట్టారు. తర్వాత నవలలూ సినిమాలూ పేర్లు పెట్టాయి. బెంగాలీ రచయిత శరత్ నవలలు తెలుగు చేసి చదువుకున్న తరం తమ కొడుకులకు శరత్ అని పెట్టుకుంది.

ఇంట్లో పేరు నడిచే తీరు కూడా రెండు మాటల్లో చెప్పాలి. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. అయితే పూర్వం కోడలు మామగారి పేరు పలకకూడదనేవారు. కన్నకొడుకునే పేరు పెట్టి పిలవలేక ఆమె బుజ్జి అనేది, పెద్దోడా అనేది, చిన్నయ్య అనేది. వాడు అల్లరి చేస్తే మాత్రం 'మా నాన్న పేరు పెట్టుకుని ఇవేం పనులురా' అని మేనత్త తిట్టేది. కొత్త దంపతులు గడప దాటే వేళ ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి, పేర్లు చెప్తేనే లోపలికి రానిస్తామంటారు. పెళ్ళికూతురు తల వంచుకుని, 'ఫలానా వారూ, నేనూ వచ్చాం' అని గొణుగుతుంది. పూర్వం ఎందరో ఇల్లాళ్ళు జీవితం మొత్తంలో భర్త పేరు పైకి పలికింది ఆ ఒక్క రోజే. ఆమె పేరు మాత్రం ఆ ఇంట్లో 'ఏమే'గా, ఊళ్ళో 'ఫలానావాళ్ళ కోడలు'గా, చివరికి 'ఫలానావాడి తల్లి'గా అరిగిపోయింది. పేరు పలకకూడదన్న ఈ ఆచారం పోయినందుకు నాకు చింత లేదు.

ఇప్పటి పేర్ల సంగతి అడుగుతారని తెలుసు. బారసాలలో బియ్యం పళ్ళెంలో ఉంగరంతో పేరు రాయడం ఇప్పటికీ ఉంది. రాసే పేరు మారింది. నక్షత్ర పాదాన్ని బట్టి మొదటి అక్షరం ఎంచుకుంటారు. అశ్విని అయితే చూ, చే, చో, లా. ఆ అక్షరంతో మొదలయ్యే పేరు ఎవరికీ లేనిది కావాలి, పొట్టిది కావాలి, అమెరికాలో నోరు తిరగాలి. దీనిలో తప్పేమీ లేదు. కాలం మారినప్పుడల్లా పేర్లు మారాయి. శాతవాహనుల నాటి ప్రాకృతపు పేర్లు ఈనాడు ఎవరికున్నాయి? విదేశాల్లో ఇంటిపేరు ముందా, పెట్టిన పేరు ముందా అన్న చిక్కులో పడి, ఎందరో తెలుగువాళ్ళు ఆఫీసుల్లో కేవలం వెంకట, నాగ, సాయి అయిపోయారు. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు తెలియదన్న అర్థంలో మూడు ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఈ చిక్కులు పడ్డ తల్లిదండ్రులు బిడ్డకు అటువంటి కష్టం రాకూడదనుకోవడం సహజం. నాకు నచ్చనిది సంఖ్యాశాస్త్రం పేరిట ఇంగ్లీషు స్పెల్లింగులో అక్షరాలు పెంచడం, ఏ భాషలోనూ అర్థం లేని ధ్వనిని సంస్కృతమని నమ్మించి అమ్మడం. పేరు పెట్టడం తల్లిదండ్రుల హక్కు. దాన్ని డబ్బిచ్చి బయటివాళ్ళ చేతిలో పెట్టకండి.

కొత్త పేర్ల కంటే పాత పేర్ల గురించే నా ఆరాటం. పెంటయ్య మనవడు కూడా పెంటయ్యే కావాలని నేను కోరడం లేదు. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆ మనవడికి తెలియాలి. తవిటమ్మను కొనుక్కున్న తవుడు ఎంతో చెప్పగలిగిన చివరి తరం ఇప్పుడు ఎనభై దాటి ఉంది. వాళ్ళు వెళ్ళిపోతే ఆ పేర్లు వట్టి అక్షరాలుగా మిగిలిపోతాయి.

ఈ సభలో కళాశాల అధ్యాపకులు ఉన్నారు. మీ విద్యార్థులకు సంకలనాల పని ఇచ్చేటప్పుడు ఒక్క ఏడాది ఈ పని ఇవ్వండి. ప్రతి విద్యార్థీ తన ఊళ్ళో డెబ్బై దాటిన పదిమందిని కలిసి నాలుగు సంగతులు రాసుకురావాలి. పేరు, పుట్టిన ఊరు, ఇంచుమించుగా పుట్టిన ఏడు, ఆ పేరు ఎందుకు పెట్టారు. పాత బడుల్లో ప్రవేశ రిజిస్టర్లు చెదలు పట్టక ముందే, వాటిని చూసుకునే ప్రధానోపాధ్యాయులు వాటికి నకళ్ళు తీయించండి. మిగిలినవాళ్ళకు నా మనవి ఇంకా చిన్నది. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ నాయనమ్మనో అమ్మమ్మనో, వాళ్ళు లేకపోతే ఇంట్లో అందరికన్నా పెద్దవారినో పక్కన కూర్చుని అడగండి: నీకు ఈ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే, తారీఖు వేసి రాసిపెట్టండి.